వికిరణం సోకిన చక్కెర: హైదరాబాద్ గోధుమల వివాదం

9.1 తిరువూరులో ఒక ప్రశ్న

కొన్నేళ్ల కిందట, ఎండలు ముదిరిన ఒక ఆదివారం తిరువూరులో సంప్రదింపు తరగతి చెబుతున్నాను. మామిడి కోతల కాలం. నూజివీడు, విస్సన్నపేట, తిరువూరు దారుల్లో ఎటు చూసినా కాయల లోడు వాహనాలే. తోటలున్న విద్యార్థులు కోతల్లో ఉండిపోవడంతో సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి. వచ్చినవారిలో నలభై ఏళ్లు దాటిన ఒక రైతు లేచి, "మాస్టారూ, అమెరికా పంపే మామిడికాయలకు రేడియేషన్ ఇస్తారంట గదండీ. మరి కాయలో తీపి ఏమైపోద్ది? తిన్నోళ్లకు ఏమీ కాదా?" అని అడిగారు. మిగిలినవారు నవ్వారు. నేను "ఏమీ కాదండీ" అని రెండు ముక్కల్లో చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను.

సాయంత్రం బస్సులో తిరిగి వస్తుంటే ఆ జవాబు నన్ను ఇబ్బంది పెట్టింది. అది తప్పు జవాబు కాదు. కానీ "ఏమీ కాదు" అనే ఆ రెండు మాటల వెనుక కొన్ని దశాబ్దాల వాదన ఉంది. ఆ వాదనలో అతి ముఖ్యమైన ఘట్టం మన హైదరాబాద్‌లోనే జరిగింది. చరిత్ర విద్యార్థికి తీర్పు ఒక్కటే వినిపించి, వాదన వినిపించకపోవడం న్యాయం కాదు. ఆనాటి ప్రశ్నకు నేను బాకీపడిన జవాబే ఈ పాఠం. మీరు రసాయనశాస్త్రం చదవకపోయినా ఇబ్బంది లేదు. అవసరమైనంత ఇక్కడే చెప్పుకుందాం.

9.2 చక్కెర అణువుకు ఏం జరుగుతుంది?

ముందుగా కొలమానం తెలుసుకోవాలి. ఒక కిలోగ్రాము పదార్థం వికిరణం నుంచి ఒక జౌలు శక్తిని గ్రహిస్తే ఆ మోతాదును ఒక గ్రే అంటారు. వెయ్యి గ్రేలు ఒక కిలోగ్రే. ఆహార పదార్థాలకు ఎక్కువగా కోబాల్ట్-60 నుంచి వెలువడే గామా కిరణాలను వాడతారు. ఆ కిరణాలు తగిలినంత మాత్రాన ఆహారం రేడియోధార్మికం కాదు. పరీక్షల్లో చాలామంది ఈ రెండింటినీ కలిపేసి రాస్తుంటారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. కిరణం తగలడం వేరు, కిరణాలు వెదజల్లే పదార్థం వచ్చి కలవడం వేరు.

ఇప్పుడు ఒక గ్లాసు పంచదార నీళ్ల మీద గామా కిరణాలు పడ్డాయనుకోండి. గ్లాసులో ఎక్కువ భాగం నీరే కాబట్టి దెబ్బ ముందుగా నీటి అణువులకే తగులుతుంది. అవి విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి చురుకైన ముక్కలు పుడతాయి. ఒంటరి ఎలక్ట్రాన్‌తో ఉండే ఇటువంటి ముక్కలను ఫ్రీ రాడికల్స్ అంటారు. ఇవి దగ్గరలోని చక్కెర అణువు నుంచి ఒక హైడ్రోజన్ పరమాణువును లాక్కుంటాయి. అంతటితో ఆ చక్కెర అణువే రాడికల్‌గా మారి, ఆక్సిజన్‌తో కలిసి, చివరకు రకరకాల ఆమ్లాలుగా, ఆల్డిహైడ్లుగా విడిపోతుంది. గ్లూకోజు నుంచి గ్లూకోనిక్ ఆమ్లం ఏర్పడుతుంది. పంచదార అణువులో గ్లూకోజును, ఫ్రక్టోజును కలిపి ఉంచే బంధం తెగుతుంది. మోతాదు పెరిగేకొద్దీ ద్రావణం పులుపు వైపు, అంటే ఆమ్లగుణం వైపు జరుగుతుంది. దీనిని పరోక్ష ప్రభావం అంటారు, ఎందుకంటే చక్కెరను దెబ్బతీసింది కిరణం కాదు, కిరణం వల్ల విరిగిన నీరు.

అదే పంచదారను పొడిగా, పలుకులుగా ఉంచితే కథ మారుతుంది. లాక్కుపోవడానికి నీటి ముక్కలు లేవు. కిరణం నేరుగా తాకిన అణువులే రాడికల్స్ అవుతాయి. పలుకు గట్టిగా ఉండడంతో అవి కదలలేక నెలల తరబడి అక్కడే చిక్కుకుని ఉంటాయి. ఆ పంచదారను నీటిలో వేస్తే వెంటనే మాయమవుతాయి. వికిరణ ప్రమాదం జరిగిన చోట ఎంత మోతాదు పడిందో తెలుసుకోవడానికి వంటింటి పంచదారను పరీక్షించవచ్చని శాస్త్రజ్ఞులు చూపింది ఈ గుణం ఆధారంగానే.

ఒక పక్క మాట. చెరకురసాన్ని పెనంలో కాచి బెల్లం వండేటప్పుడు కూడా చక్కెర అణువులు కొన్ని విరిగి ఇటువంటి ఆల్డిహైడ్ జాతి పదార్థాలు ఏర్పడతాయి. బెల్లం రంగులోనూ వాసనలోనూ వాటి పాలు ఉంది. కాబట్టి "చక్కెర విరిగింది" అన్నంత మాత్రాన భయపడనవసరం లేదు. ఏ రూపంలో ఉన్న చక్కెర, ఎంత మోతాదుకు, ఎంత విరిగింది అన్నదే అసలు ప్రశ్న. ఈ పాఠమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

9.3 ప్రయోగశాలల్లో మొదలైన అనుమానం

1960లలో ఈ అనుమానం మూడు చోట్ల దాదాపు ఒకేసారి తలెత్తింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎం.ఎస్. స్వామినాథన్, ఆయన సహచరులు వికిరణం సోకిన బంగాళాదుంప గుజ్జులో బార్లీ పిండాలను పెంచి, వాటి కణాల్లో అవకతవకలు కనిపించాయని 1962లో ప్రకటించారు. మరుసటి ఏడాది ఆ బృందమే వికిరణం సోకిన ఆహారం మీద పెంచిన పండ్ల ఈగల్లో ఉత్పరివర్తనాలు పెరిగాయని సైన్స్ పత్రికలో రాసింది. హరిత విప్లవంతో ముడిపడిన పేరుగానే స్వామినాథన్ మనకు తెలుసు. అంతకుముందు ఆయన కణజన్యుశాస్త్రవేత్త అన్న సంగతి మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు.

అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఎఫ్.సి. స్టీవర్డ్ క్యారెట్ కణాలను కొబ్బరినీళ్లు కలిపిన పోషక ద్రవంలో పెంచి ప్రసిద్ధుడైనవాడు. ద్రవంలోని చక్కెరకు వికిరణం ఇస్తే, ఆ తరువాత అందులో వేసిన కణాల పెరుగుదల దెబ్బతింటోందని 1965లో ఆయన బృందం నేచర్ పత్రికలో ప్రచురించింది. గమనించండి, కణాలకు కిరణం తగలలేదు. తగిలింది చక్కెరకు మాత్రమే. 1966లో మార్జరీ షా, హేస్ అనే ఇద్దరు ఇంకొక అడుగు ముందుకు వేసి, వికిరణం సోకిన పంచదార ద్రావణంలో మనిషి తెల్ల రక్తకణాలను ఉంచినప్పుడు క్రోమోసోములు విరుగుతున్నాయని చూపారు.

ఇవి నిజమైన పరిశీలనలే. వీటిలో మోసం లేదు, పొరపాటూ లేదు. అయితే వీటన్నిటిలో రెండు సంగతులు ఉమ్మడిగా ఉన్నాయి. చక్కెర నీటిలో కరిగి ఉంది, లేదా ఆహారం తడి గుజ్జుగా ఉంది. ఆ ద్రవం నేరుగా కణాలకు తగిలింది. మధ్యలో జీర్ణాశయం లేదు, కాలేయం లేదు. పైగా చక్కెర ద్రావణాలకు ఇచ్చిన మోతాదులు ధాన్యానికి వాడదలచిన మోతాదు కంటే చాలా రెట్లు ఎక్కువ. మొత్తం ఆహారంలోనైతే మాంసకృత్తులు వంటి ఇతర పదార్థాలు రాడికల్స్‌ను పంచుకుంటాయి కాబట్టి చక్కెర మీద పడే దెబ్బ తగ్గుతుంది. ఈ తేడాలు ఆనాటి శాస్త్రజ్ఞులకు తెలియనివి కావు. అయినా నీటిలో చక్కెరకు జరిగింది గోధుమలో పిండిపదార్థానికి ఎందుకు జరగదు అనే ప్రశ్న న్యాయమైనదే. గోధుమలో అధిక భాగమైన స్టార్చ్ కూడా గ్లూకోజు అణువుల గొలుసే కదా.

9.4 గోధుమ ఎందుకు?

1960లు మన దేశానికి ఓడల మీద వచ్చిన గోధుమల కాలం. పి.ఎల్. 480 కింద అమెరికా నుంచి దిగుమతి అయిన ధాన్యాన్ని, ఆ తరువాత మనమే పండించుకున్న ధాన్యాన్ని పురుగు నుంచి కాపాడటం పెద్ద సమస్య. పురుగుమందుల పొగ పట్టించడానికి బదులు గామా కిరణాలతో పురుగును చంపవచ్చని బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం ముందుకు వచ్చింది. ఒక కిలోగ్రే లోపు మోతాదు చాలు.

అంతర్జాతీయంగా కూడా అడుగులు పడుతున్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి నియమించిన నిపుణుల సంఘం 1969లో వికిరణం ఇచ్చిన గోధుమకు ఆమోదం తెలిపింది. అయితే అది తాత్కాలిక ఆమోదం. మరిన్ని పరీక్షలు జరగాలని ఆ సంఘమే కోరింది. హైదరాబాద్ ప్రయోగాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. తలుపు సగం తెరిచి ఉన్నప్పుడు జరిగిన పని అది.

9.5 పదిహేను మంది పిల్లలు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ స్థాపించిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు వచ్చి, 1969లో ఈ పేరు పొందింది. పోషకాహార లోపం మీద ఈ సంస్థ చేసిన పనికి ప్రపంచంలో గౌరవం ఉంది. అక్కడి శాస్త్రవేత్తల వాదన సూటిగా ఉంది: ఈ గోధుమను రేపు మన దేశంలో తినబోయేది బాగా తిండి దొరికే అమెరికన్ కాదు, అర్ధాకలి మనిషి. కాబట్టి పరీక్ష అర్ధాకలి శరీరం మీదే జరగాలి.

1975లో భాస్కరం, సదాశివన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలోని ఒక పోషకాహార వైద్య పత్రికలో తమ ఫలితాలు ప్రచురించారు. తీవ్రమైన పోషకాహార లోపంతో బాధపడుతున్న 15 మంది పిల్లలను ఐదుగురు చొప్పున మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి మామూలు గోధుమ, రెండవ వర్గానికి అప్పుడే వికిరణం ఇచ్చిన గోధుమ, మూడవ వర్గానికి వికిరణం ఇచ్చి కొన్ని వారాలు నిలవ ఉంచిన గోధుమ పెట్టారు. గోధుమకు ఇచ్చిన మోతాదు 0.75 కిలోగ్రే. తరువాత పిల్లల రక్తంలోని లింఫోసైట్లను పరిశీలించారు. మనిషి కణంలో 46 క్రోమోసోములు ఉండాలి. తాజాగా వికిరణం ఇచ్చిన గోధుమ తిన్న పిల్లల్లో ఈ సంఖ్య రెట్టింపు వంటి స్థితిలో ఉన్న కణాలు, అంటే బహుస్థితిక కణాలు, వారాలు గడిచేకొద్దీ పెరిగాయి. ఆ గోధుమ ఆపాక క్రమంగా తగ్గి పోయాయి. నిలవ ఉంచిన గోధుమ తిన్నవారిలో చాలా తక్కువగా కనిపించాయి. మామూలు గోధుమ తిన్నవారిలో ఒక్కటి కూడా కనిపించలేదు.

ఈ ఫలితాన్ని తొందరపడి కొట్టిపారేయకండి. పొడి గింజలో చిక్కుకున్న రాడికల్స్ కాలం గడిచేకొద్దీ తగ్గుతాయని పైన చదివారు. నిలవ ఉంచిన గోధుమ ప్రభావం తక్కువగా ఉండటం దానికి సరిపోయేలా కనిపిస్తుంది. ఈ పత్రాన్ని మొదటిసారి చదివినప్పుడు నన్ను ఆపింది ఈ మూడవ వర్గమే. అదే సంస్థకు చెందిన విజయలక్ష్మి ఎలుకల్లోనూ, చిట్టెలుకల్లోనూ, తరువాత కోతుల్లోనూ ఇటువంటి ఫలితాలనే నివేదించారు.

ఇప్పుడు రెండవ వైపు చూడండి. ఐదుగురు పిల్లలు. ఒక్కొక్కరి నుంచి లెక్కించిన కణాలు వంద. అంటే ఒక బిడ్డ రక్తంలో ఒక్క కణం ఎక్కువగా కనిపిస్తే అది ఒక శాతం అవుతుంది. రెండు కణాలను చూసినవాడు రెండు శాతం అని రాస్తాడు. శాతం అనే మాట చదువరికి ఇచ్చే ధీమా అంతా ఇక్కడ ఒకటి రెండు కణాల మీద నిలబడి ఉంది. అంతకంటే ఆశ్చర్యకరమైనది పోలిక వర్గంలోని సున్నా. ఆరోగ్యవంతుల రక్తంలో కూడా బహుస్థితిక కణాలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తూనే ఉంటాయి. ఒక్కటి కూడా కనిపించలేదంటే లెక్కించిన కణాలు చాలలేదేమో అనే అనుమానం రావాలి. ఇక గోధుమను ఎవరూ గింజగా మింగరు. పిండి తడిపి, కలిపి, ఉడికించి లేదా కాల్చి తింటారు. తడి తగిలిన క్షణాన ఆ రాడికల్స్ మిగలవు. మరి ఆ మార్పు తెచ్చింది ఏ పదార్థం? దానిని వేరుచేసి ఎవరూ చూపలేదు.

మరొక విషయం కూడా చెప్పాలి. సురక్షితమా కాదా అని అనుమానిస్తున్న ఆహారాన్ని అతి బలహీనమైన పిల్లలకు పెట్టి చూడటం సబబా? అంతర్జాతీయ సంఘం అప్పటికే తాత్కాలికంగా ఆమోదించిన గోధుమ అది అని సమాధానం చెప్పవచ్చు. మనుషుల మీద జరిగే పరిశోధనలకు సంబంధించి భారత వైద్య పరిశోధన మండలి తొలి నైతిక విధాన ప్రకటన వెలువడింది 1980లో. ఆ పత్రం అప్పటికి లేదు. అయినా ఆ పదిహేను మంది తల్లులకు ఏం చెప్పి ఒప్పించారు అనే ప్రశ్న నన్ను వదలదు.

9.6 రెండు ప్రభుత్వ సంస్థలు, ఒక సంఘం

హైదరాబాద్ ఫలితాలు వెలువడగానే బొంబాయి నుంచి జవాబు వచ్చింది. భాభా కేంద్రం శాస్త్రవేత్తలు ఎలుకలకు వికిరణం ఇచ్చిన గోధుమ పెట్టి, ఎముక మజ్జలోని కణాలను లెక్కించి, తేడా ఏమీ లేదని 1976లో ప్రచురించారు. రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. ఒకటి ఆరోగ్య శాఖ వైపుది, మరొకటి అణుశక్తి శాఖది. ఒకదానికి పని పోషణను కాపాడటం, మరొకదానికి పని అణుశక్తికి ప్రయోజనాలు వెతకడం. ఎవరి నిజాయితీనీ శంకించకుండానే ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. ఏ సంస్థ ఏ ప్రశ్న వేస్తుంది, ఏ జవాబు రాగానే వెతకడం ఆపుతుంది అన్నది దాని పుట్టుకను బట్టి కూడా ఉంటుంది.

వివాదాన్ని తేల్చడానికి ప్రభుత్వం ఇద్దరు సభ్యుల సంఘాన్ని వేసింది. ఒకరు వికిరణ జీవశాస్త్రం తెలిసిన పి.సి. కేశవన్. మరొకరు పి.వి. సుఖాత్మే, ఆహార వ్యవసాయ సంస్థలో గణాంక విభాగాన్ని చాలా ఏళ్లు నడిపిన సంఖ్యాశాస్త్రవేత్త. ఈ ఎంపికే వివాద స్వభావాన్ని చెబుతుంది. సగం జీవశాస్త్రం, సగం లెక్క. 1976లో ఇచ్చిన నివేదికలో వారు హైదరాబాద్ సమాచారం తనలో తనకే పొసగడం లేదని, ఆ నిర్ధారణలకు అది ఆధారం కాజాలదని తేల్చారు. అదే ఏడాది జెనీవాలో సమావేశమైన అంతర్జాతీయ నిపుణుల సంఘం గోధుమ మీది 'తాత్కాలిక' అనే మాటను తొలగించింది.

హైదరాబాద్ శాస్త్రవేత్తలు తమ పత్రాన్ని వెనక్కు తీసుకోలేదు. కోతుల మీద చేసిన పని 1978లో, అంటే సంఘం నివేదిక తరువాతనే వెలువడింది. 1980లలో పశ్చిమ దేశాల వినియోగదారుల ఉద్యమాలు ఈ పదిహేను మంది పిల్లల అధ్యయనాన్ని పదేపదే ఉదహరించాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1986లో పండ్లు, కూరగాయలకు ఒక కిలోగ్రే వరకు అనుమతి ఇస్తూ దీనిని పరిశీలించి, చాలని ఆధారమని పక్కన పెట్టింది. చైనాలో వందల మంది వయోజన స్వచ్ఛంద సేవకులకు వారాల తరబడి వికిరణం ఇచ్చిన ఆహారం పెట్టి చూసిన అధ్యయనాల్లో బహుస్థితికత పెరుగుదల కనిపించలేదు. వికిరణం ఇచ్చిన ఆహారం వల్ల 10 కిలోగ్రేల సగటు మోతాదు వరకు విషపూరిత ప్రమాదం లేదని అంతర్జాతీయ సంఘం 1980లోనే ప్రకటించింది.

మన దేశంలో మాత్రం తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. 1991లో అణుశక్తి చట్టం కింద నియమావళి వచ్చింది. 1994లో ఉల్లి, బంగాళాదుంప, సుగంధద్రవ్యాలకు, 1998లో మామిడి, గోధుమ సహా మరికొన్నిటికి అనుమతి లభించింది. అంటే వివాదానికి కారణమైన గోధుమ తన సొంత దేశంలో రెండు దశాబ్దాలకు పైగా వేచి ఉంది. ఈ ఆలస్యానికి హైదరాబాద్ పత్రమే కారణమని కొందరంటారు. నేను అంత దూరం వెళ్లను. అణుశక్తి అనే మాట వింటేనే వెనకాడే ప్రజాభిప్రాయం కూడా ఉంది, ఖర్చు కూడా ఉంది. కానీ ఆ పత్రం అడిగిన ప్రశ్న వల్లనే మనిషి కణాల మీద మరిన్ని పరీక్షలు జరిగాయనడంలో సందేహం లేదు. జవాబు నిలవకపోయినా ప్రశ్న పనిచేసింది.

9.7 మళ్లీ మామిడికాయ

ఇక తిరువూరు రైతు అడిగిన తీపి సంగతి. 2007 ఏప్రిల్‌లో భారతదేశం నుంచి మామిడిపండ్లు అమెరికాకు మళ్లీ వెళ్లడం మొదలైంది. తొలి సరుకు ఆల్ఫాన్సో, కేసర్ రకాలది. నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో, ఉల్లి కోసం 2002లో నెలకొల్పిన కృషక్ కేంద్రంలో వాటికి వికిరణం ఇచ్చారు. అమెరికా వ్యవసాయ శాఖ నిర్దేశించిన కనీస మోతాదు 400 గ్రే. ఉద్దేశం ఒక్కటే: కాయ లోపల, టెంకలో దాక్కున్న పురుగు తమ దేశంలో సంతతి పెంచుకోకూడదు.

లెక్క వేసి చూద్దాం. 400 గ్రే అంటే కిలోకు 400 జౌళ్లు. ఆ శక్తి మొత్తం వేడిగా మారినా కాయ వేడి ఒక డిగ్రీలో పదో వంతు మాత్రమే పెరుగుతుంది. కిలో గుజ్జులో 150 గ్రాముల చక్కెర ఉందనుకోండి. పుట్టిన హైడ్రాక్సిల్ రాడికల్స్ అన్నీ చక్కెర మీదే పడినా, దెబ్బతినేది దాదాపు నాలుగు వేల అణువుల్లో ఒకటి. నాలుకకు అది తెలియదు. మోతాదు ఇంకా పెంచితే తీపి కంటే ముందు మెత్తదనం తేడా చేస్తుంది. కాయకు గట్టిదనాన్నిచ్చే పెక్టిన్ కూడా చక్కెరజాతి గొలుసే, ఆ గొలుసులు తెగి కాయ మెత్తబడుతుంది.

మరి అంత తక్కువ మోతాదు పురుగును ఎలా ఆపుతుంది? ఇక్కడ కూడా చక్కెర పాత్ర ఉంది. పురుగు కణంలోని డి.ఎన్.ఏ. గొలుసుకు వెన్నెముక డీఆక్సీరైబోజ్ అనే చక్కెర. రాడికల్స్ దాని మీద పడినా గొలుసు తెగుతుంది. గుజ్జులో కోటానుకోట్ల చక్కెర అణువుల్లో కొన్ని విరిగితే మిగిలినవి తీపినిస్తూనే ఉంటాయి. డి.ఎన్.ఏ.లో అలా కాదు. అక్కడ ప్రతి అణువూ తన చోట తానే ఉండాలి. కొన్ని చోట్ల తెగినా కణం విభజన చెందలేదు, పురుగు గుడ్డు పొదగదు.

ఆ రైతు మళ్లీ తరగతికి రాలేదు. పరీక్ష మాత్రం రాశారని విన్నాను.

అభ్యాసం: పోలిక వర్గంలో 'సున్నా' రావడం హైదరాబాద్ అధ్యయనాన్ని బలపరిచిందా, బలహీనపరిచిందా? మీ కారణాలు ఒక పుటలో రాయండి. మీ ఊరి దగ్గర బెల్లం వండే చోటు ఉంటే వెళ్లి, రసం ఏ దశలో రంగు మారుతుందో వండేవారిని అడిగి ఆ సంగతి కూడా రాసి తీసుకురండి. వచ్చే సంప్రదింపు తరగతిలో చర్చిద్దాం.